విద్యార్థి క్షేమం, ఉద్యోగి క్షేమం: కళాశాలల ఆరోగ్య చరిత్రలో ఒక మరపు

ఉత్తరాలు రాసుకున్న కాలంలో తెలుగువాడి ఉత్తరం మద్రాసు హాస్టలు నుంచి బయలుదేరినా, బరంపురం నుంచి బయలుదేరినా మొదటి వాక్యం దాదాపు ఒక్కటే. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. మూడు రోజులుగా జ్వరంతో పడి ఉన్న కుర్రవాడు రాసినా అదే వాక్యం. జ్వరం సంగతి, రాయదలిస్తే, చివరి పేరాలో డబ్బు అడిగే చోట వచ్చేది. భాషాశాస్త్రంలో ఇలాంటివాటిని మర్యాద వాక్యాలుగా పరిగణిస్తాం. సమాచారం అందించడం వాటి పని కాదు, బంధం తెగలేదని చెప్పడమే వాటి పని. వ్యక్తులు ఇలా రాసుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా, మన విద్యాసంస్థలు కూడా తమ విద్యార్థుల గురించీ, తమ ఉద్యోగుల గురించీ చాలాకాలం ఈ మర్యాద వాక్యంతోనే సరిపెట్టుకుంటూ రావడం. ఆ చరిత్రలో ఒక భాగాన్ని, ముఖ్యంగా మన ప్రాంతాలతో ముడిపడిన భాగాన్ని, ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఇప్పుడు కళాశాల ఆవరణల్లో ‘వెల్‌నెస్’ అన్న మాట బోర్డుల మీద కనిపిస్తున్నది. దీనికి తెలుగులో కొందరు స్వస్థత అంటున్నారు, కొందరు శ్రేయస్సు అంటున్నారు, ఎక్కువమంది వెల్‌నెస్ అనే అంటున్నారు. ఈ అర్థంలో ఆ మాటకు ప్రచారం తెచ్చినవాడు అమెరికా వైద్యుడు హాల్బర్ట్ డన్. ఆయన పుస్తకం 1961లో వచ్చింది. జబ్బు లేకపోవడమే ఆరోగ్యం కాదనీ, అంతకుమించిన ఉన్నత స్థితి ఒకటి ఉందనీ ఆయన వాదన. దాన్ని కళాశాలలోకి తెచ్చినవాడు బిల్ హెట్లర్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ శాఖలో విద్యార్థి ఆరోగ్యకేంద్రం చూసే వైద్యుడాయన. 1976లో ఆయన శారీరక, భావోద్వేగ, మేధా, సామాజిక, వృత్తి, ఆధ్యాత్మిక పార్శ్వాలు ఆరింటిని ఒక చట్రంగా అమర్చాడు. నేటి వెల్‌నెస్ కార్యక్రమాలలో చాలావాటికి మాతృక ఇదే. మన బోర్డులు చూసి ఇదంతా నిన్నమొన్న దిగుమతి అయిన సరుకని అనుకునేవారున్నారు. మాట కొత్తదే. పని మాత్రం మన దగ్గర నూరేళ్ల నాటిది.

అసలు కళాశాలకు విద్యార్థి శరీరంతో ఏమి పని అన్న ప్రశ్నకు మొదట జవాబిచ్చిన సంస్థల్లో అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కళాశాల ఒకటి. చదువు భారంతో విద్యార్థుల ఆరోగ్యం చెడుతున్నదన్న ఆందోళనతో అక్కడ ఆరోగ్యశాస్త్రానికీ వ్యాయామానికీ ప్రత్యేక శాఖ పెట్టారు. 1861లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ ఆ ఆచార్య పదవిలో చేరి కొన్ని దశాబ్దాలపాటు విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ కొలుస్తూ లెక్కలు రాసిపెట్టాడు. కొలవడం, రాయడం, మళ్లీ కొలవడం. ఈ పద్ధతి తరువాత ఎక్కడికి వెళ్లినా ఈ రూపంలోనే వెళ్లింది.

మన దేశంలో దీనికి గట్టి పునాది పడింది కలకత్తాలో. మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన 1917లో నియమితమైన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ 1919లో తన నివేదిక ఇచ్చింది. విద్యార్థుల సంక్షేమానికి ప్రత్యేక మండలి ఉండాలనీ, వ్యాయామ శిక్షణకు విశ్వవిద్యాలయ స్థాయిలో బాధ్యుడు ఉండాలనీ అది సూచించింది. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం విద్యార్థి సంక్షేమ పథకం పేరిట కళాశాల విద్యార్థులకు వైద్యపరీక్షలు ప్రారంభించింది. కళ్లు, పళ్లు, గొంతు, గుండె, బరువు వరసగా చూసి నమోదు చేశారు. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న పిల్లల్లో ఎంతమందికి చూపు సరిగా లేదో, ఎంతమందికి చాలినంత తిండి లేదో అప్పుడే బయటపడింది. నల్లబల్ల కనిపించని కుర్రవాణ్ణి మొద్దు అనుకునే అయ్యవార్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. కళ్లజోడుతో తెలివి వచ్చిన విద్యార్థులు ఎందరో.

అదే 1920లో మద్రాసులో మరొక పని మొదలైంది. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వై.ఎం.సి.ఏ. తరఫున వ్యాయామ శిక్షణ పాఠశాల ప్రారంభించాడు. నేడు నందనంలో ఉన్న వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల అదే. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ ప్రాంతాల నుంచి వచ్చి అక్కడ తరిఫీదు పొందినవారు దక్షిణాది బడులలో, కళాశాలలలో వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరారు. ‘డ్రిల్లు మాస్టారు’ అన్న మాట మన ఊళ్లలో స్థిరపడడంలో ఈ శిక్షణ పాలు కొంత తప్పక ఉంది. అంతకు ముందు తరంలో వ్యాయామం అంటే సాము గరిడీ, తాలింఖానా. ఆ పాత పద్ధతికీ ఈ కొత్త పద్ధతికీ మధ్య వంతెన వంటివాడు కోడి రామమూర్తినాయుడు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆ తరువాత సర్కసు ద్వారా దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆయన చివరి రోజులు గడిచింది ఒడిశాలో. 1942లో అక్కడే కన్నుమూశాడు. ఒడిశాలో చదువుతున్న మన విద్యార్థులు ఆయన్ని గొలుసులు తెంచిన బలశాలిగానే వినివుంటారు. బడిపిల్లలచేత కసరత్తు చేయించిన జీతగాడైన పంతులుగా కూడా ఆయన్ని గుర్తుంచుకోవాలి.

కసరత్తుకంటే పెద్ద సంగతి కూడు. వ్యాయామ చరిత్ర రాసినవారు వంటింటి వైపు తొంగిచూడరు గనుక ఇక్కడ కొంచెంసేపు ఆగడం అవసరం.

ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే గంజాం, విశాఖపట్నం, గోదావరి తీరం, బెరిబెరి వ్యాధికి పేరుపడిన ప్రాంతం. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె దెబ్బతినడం దాని లక్షణాలు. దీన్ని పరిశోధించడానికే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నాయకత్వంలో నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న కేంద్రం ఏర్పడింది. అది పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. 1935 నుంచి దానికి సంచాలకుడుగా ఉన్న డబ్ల్యు.ఆర్. ఏక్రాయిడ్, ఆయన సహచరులు ఈ బెరిబెరి ముడి విప్పిన తీరు ఆసక్తికరంగా ఉంటుంది. సర్కారు జిల్లాల్లో తినేది మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యం. తవుడుతోపాటు బి1 విటమిను కూడా పోతున్నది. తమిళదేశంలో చాలాచోట్ల తినేది వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు ఆ విటమిను గింజలోపలికి ఇంకి నిలుస్తుంది గనుక మరపట్టినా అంతగా పోదు. ఒకే ప్రెసిడెన్సీలో, ఒకే రకం పేదరికంలో, ఒకచోట జబ్బు ఉండి మరొకచోట లేకపోవడానికి కారణం ఇదే.

ఉప్పుడు బియ్యాన్ని తమిళులు పుళుంగల్ అరిసి అంటారు, కన్నడిగులు కుసుబలక్కి అంటారు, ఒడియాలో ఉసునా, మరాఠీలో ఉకడా. తెలుగు జిల్లాల నుంచి మద్రాసు వెళ్లిన విద్యార్థులు హాస్టలు అన్నం మీద చేసే ఫిర్యాదుల్లో మొదటిది ఈ లావుపాటి ఉప్పుడు బియ్యపు అన్నం గురించే. ఇంటి తెల్లన్నం కోసం వాళ్లు పడ్డ బెంగ నిజమైనదే, కాని కాళ్లకు మేలు చేసింది ఆ లావు అన్నం. ఆరోగ్యమూ ఇష్టమూ ఒక్కచోట ఉండవనడానికి మన హాస్టళ్ల చరిత్రలో ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు. 1937లో ఏక్రాయిడ్, కృష్ణన్‌లు వసతి గృహాల పిల్లలకు మామూలు భోజనంతోపాటు వెన్న తీసిన పాలు ఇచ్చి, వాళ్ల ఎదుగుదలలో వచ్చిన తేడాను ప్రకటించారు. అదే ఏడు భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల మీద ఏక్రాయిడ్ వెలువరించిన చిన్న పుస్తకం ఆ తరువాత ఎన్నోసార్లు ముద్రణ పొందింది. హాస్టలు భోజనంలో ఏమి ఉండాలన్నది వార్డెను దయ మీదా వంటవాడి చేతివాటం మీదా ఆధారపడకుండా, ఒక కొలతకు అందే విషయంగా మారింది అప్పటినుంచే. అయితే ఆనాటి హాస్టళ్లలో కులానికొక వంటిల్లు ఉండడం మామూలు. ఒకే కప్పు కింద రెండు మూడు పొయ్యిలు వెలిగేవి. పప్పులో మాంసకృత్తుల లెక్క వచ్చింది గాని, ఎవరి సరసన ఎవరు కూర్చుని తినాలన్న లెక్క చాలాకాలం మారలేదు. పక్కవాడితో కలిసి తినలేని చోట ఆరోగ్యం ఎంతవరకు సంపూర్ణమన్న ప్రశ్న ఏ బులెటిన్ వేయలేదు.

ఆడపిల్లల విషయంలో సంగతి మరీ మొదటికే వచ్చింది. మద్రాసులో 1914లో క్వీన్ మేరీస్, 1915లో విమెన్స్ క్రిస్టియన్ కళాశాల వెలిసి వసతితో కూడిన చదువు కొందరికి అందింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరదలచిన దుర్గాబాయికి ఎదురైన అడ్డంకి చదువు కాదు, ఆడపిల్లలకు హాస్టలు లేకపోవడం. ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి ఆ కారణమే చెప్పి వెనకాడితే, ఆమె పత్రికల ద్వారా తనలాంటి అమ్మాయిలను పోగుచేసి, వాళ్లంతా కలిసి ఉండే ఏర్పాటు తామే చేసుకున్నారు. తలదాచుకునే గది లేనివారికి వైద్యపరీక్షల మాట ఎవరు ఎత్తుతారు?

స్వాతంత్ర్యం వచ్చాక ఈ విడివిడి పోగులన్నింటినీ ఒక్కచోట ముడివేసిన పత్రం విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ నివేదిక. 1948 నవంబరులో నియమితమై 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చిన ఈ కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ బులెటిన్ చదువరులకు ఆయన్ని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు, కాని ఒక సంగతి చెప్పుకోవాలి. ఇంటిపేరు నెల్లూరు జిల్లా గ్రామానిది. ఇంటి భాష తెలుగు. పుట్టింది 1888లో తిరుత్తణిలో. చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరుపతి, వేలూరు, మద్రాసులలో చదివి, మైసూరులో ఆచార్యుడై, వాల్తేరులో 1931 నుంచి 1936 వరకు, కాశీలో 1939 నుంచి 1948 వరకు ఉపాధ్యక్షుడై, ఆయన జీవితం చాలాభాగం ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటి అయిన చోట్లనే గడిచింది. మీలో చాలామంది ఉన్న స్థితే అది. యానాం ప్రభుత్వ కళాశాల ఆయన పేరు మోస్తున్నది.

కమిషన్‌లో మరొక సభ్యుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. ఈయన తమిళుడు, పుట్టింది మాత్రం కర్నూలులో, 1887లో. స్త్రీవ్యాధుల, ప్రసూతి వైద్యుడు; 1942 నుంచి 1969 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. తమిళ నేల మీద పుట్టిన తెలుగువాడూ, తెలుగు నేల మీద పుట్టిన తమిళుడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారన్నమాట. సరిహద్దు జిల్లాల చరిత్రలో ఇలాంటివి వింతలు కావు. మొదలియార్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థతో మొదటినుంచీ సంబంధం ఉంది. 1961లో ఆ సంస్థ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. ఆరోగ్యమంటే వ్యాధి లేకపోవడం మాత్రమే కాదు, శరీరానికీ మనసుకూ సంఘజీవనానికీ సంబంధించిన సంపూర్ణ స్థితి అని నిర్వచించిన ఆ సంస్థ రాజ్యాంగం 1948 ఏప్రిల్‌లోనే అమలులోకి వచ్చింది. కమిషన్ కొలువుతీరే నాటికి ఆ నిర్వచనం ఇంకా ఏడు నెలల పసిబిడ్డ. అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ మోర్గన్, జాన్ టైగర్ట్‌లు కూడా సభ్యులు. ఇద్దరూ తమ దేశంలో కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యక్షులుగా పనిచేసినవారు. ఆమ్‌హర్స్ట్ నాటి సంప్రదాయం వారికి ఇంటి విషయం.

నివేదికలో విద్యార్థుల కార్యకలాపాలు, సంక్షేమం అన్న అధ్యాయం ఉంది. మూడు మాటల్లో ఎగరగొట్టదగింది కాదది. ప్రతి విద్యార్థికీ చేరేటప్పుడు ఉచితంగా సమగ్ర వైద్యపరీక్ష, ఆ తరువాత ఏడాదికి ఒక్కసారైనా మళ్లీ పరీక్ష. ప్రతి విశ్వవిద్యాలయానికీ ఆస్పత్రి. హాస్టళ్లు, భోజనశాలలు, విద్యార్థులు అద్దెకుండే ఇళ్లలో పారిశుద్ధ్య తనిఖీ. చౌకధరకు మధ్యాహ్న భోజనం. సమర్థుడైన వ్యాయామ సంచాలకుడు, రెండేళ్లు తప్పనిసరి వ్యాయామం. విద్యార్థుల బాగోగులు చూడడానికి ఒక డీన్, ఒక సలహా మండలి. ఇవన్నీ సూచనలే, ఉత్తర్వులు కావు. అయినా ఇంత నిండుగా అంతకు ముందు మన దేశంలో ఎవరూ రాయలేదు.

ఆ జాబితా మధ్యలో ఒక వాక్యం మీద చదువరి కన్ను నిలవాలి. విద్యార్థులకే కాదు, అధ్యాపకులకూ, కార్యాలయ సిబ్బందికీ, విద్యార్థులతో మెలిగే ఉద్యోగులకూ, వాళ్ల ఆహారాన్ని ముట్టుకునే పనివారికీ ఏడాదికొకసారి వైద్యపరీక్ష జరగాలని కమిషన్ సూచించింది. ప్రొఫెసరూ గుమాస్తా వంటవాడూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్న సందర్భాలు మన విద్యా పత్రాల్లో అరుదు. ఎందుకు కూర్చోబెట్టారు? ఆనాటికి క్షయ పెద్ద భయం. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టి ఆరేళ్లు కాలేదు. క్షయ సోకితే ఆరోగ్యకేంద్రాలకు పంపడమే గతి. మదనపల్లె దగ్గర 1915లో నెలకొన్న శానిటోరియానికి పెట్టుకున్న ‘ఆరోగ్యవరం’ అన్న పేరులోనే ఆనాటి ఆశ అంతా ఉంది. ఇళ్లలోనే ఉంచి మందులతో నయం చేయవచ్చునని మద్రాసు పరిశోధకులు నిరూపించడానికి ఇంకా పదేళ్లు పట్టింది. తరగతిలో దగ్గే పంతులు నుంచీ, సన్నిపాత జ్వరం మోసే వంటవాడి చేతినుంచీ విద్యార్థిని కాపాడడం ఆ వాక్యం ఉద్దేశమని అనుకోవడానికి వీలుంది. అంటే ఉద్యోగి ఆ జాబితాలోకి వచ్చింది తన క్షేమం కోసం కాదు, తనవల్ల ఇతరులకు క్షేమభంగం కలుగుతుందేమోనన్న శంకతో. ఆ తలుపు సందుగుండానే లోపలికి వచ్చినా, వచ్చాడు గదా. నిలబెట్టుకుని ఉంటే ఎంతో మేలు జరిగేది.

నిలబడలేదు. సొంత ఆవరణ, సొంత హాస్టళ్లు ఉన్న విశ్వవిద్యాలయాలు ఆరోగ్యకేంద్రాలు పెట్టుకున్నాయి. వాటిలో ఉద్యోగుల కుటుంబాలకూ మందులు దొరికాయి, దొరుకుతున్నాయి. అయితే మన దేశంలో విద్యార్థుల్లో అత్యధికులు చదివేది అనుబంధ కళాశాలల్లో, అంటే ఊళ్లలో ఉండే మామూలు కళాశాలల్లో. అక్కడ 1949 నాటి సూచన ప్రవేశ దరఖాస్తులో ఒక ఫీజుగా, ఒక గడిగా మిగిలింది. నేను మొదట పనిచేసిన ఒక కళాశాలలో (పేరు అనవసరం) వైద్యపరీక్ష రుసుము ఏటా వసూలయ్యేది. వైద్యుడు ఏడాదికి ఒక్క మధ్యాహ్నం వచ్చేవాడు. ఆ మధ్యాహ్నం మూడువందలమంది ‘ఆరోగ్యవంతులు’ తయారయ్యేవారు. వంటవాళ్లను ఆయన చూసింది కాఫీ తెచ్చినప్పుడు మాత్రమే.

1964-66 కొఠారీ కమిషన్ మరొక అడుగు వేసింది. విద్యార్థి సేవలు దయాధర్మపు పనులు కావు, విద్యలోనే అంతర్భాగమని చెప్పి, ఆరోగ్య సేవలతోపాటు వసతిని, మార్గదర్శనాన్ని, సలహాసేవను చేర్చింది. 1948లో ఎన్.సి.సి. వచ్చింది, 1969లో ఎన్.ఎస్.ఎస్. వచ్చింది; రక్తదాన శిబిరాలు, కంటి శిబిరాలు ఆవరణల్లో పండుగల్లా జరిగాయి. ఇదంతా మంచిదే. కాని ఈ పత్రాల్లో ఉద్యోగి మెల్లగా కనుమరుగయ్యాడు. ఆయన ఆరోగ్యం వైద్య ఖర్చుల బిల్లుగా మారి మరో ఫైలులోకి, మరో సెక్షనుకు వెళ్లిపోయింది.

ఇటీవలి కాలానికి వద్దాం. శరీరం మీదినుంచి దృష్టి మనసు మీదికి మళ్లింది. 2022 అక్టోబరులో టెలి-మానస్ ఫోను సేవ, 14416 అంకెతో, మొదలైంది. 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం విద్యార్థుల శారీరక దార్ఢ్యం, ఆటలు, మానసిక క్షేమం గురించి మార్గదర్శకాలు వెలువరించి, ప్రతి సంస్థలో విద్యార్థి సేవాకేంద్రం ఉండాలంది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యలపై మాజీ న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని ఏర్పరచింది. అదే ఏడు జూలై 25న మరొక తీర్పులో పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు ఉండాలి. సహాయ ఫోను అంకెలు హాస్టళ్లలో కనబడేలా రాయాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. ఆ వ్యాజ్యానికి మూలం విశాఖపట్నంలో ఉంది. వైద్య ప్రవేశ పరీక్షకు చదువుకోవడానికి పశ్చిమ బెంగాల్ నుంచి అక్కడికి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో మరణించింది. తండ్రి న్యాయస్థానానికి వెళ్లాడు. మరణ కారణాల గురించి ఇక్కడ చర్చించడం భావ్యం కాదు. పరాయి రాష్ట్రంలో హాస్టలులో ఉంటున్న పిల్లల సంగతి తేలికైనది కాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ తీర్పులో సిబ్బంది మళ్లీ కనబడ్డారు, సంతోషమే. కాని గమనించండి. 1949లో ఉద్యోగి జబ్బు అంటించగలవాడు గనుక అతనికి పరీక్ష. 2025లో ఉద్యోగి ప్రమాదాన్ని పసిగట్టగలవాడు గనుక అతనికి శిక్షణ. డెబ్బయ్యారేళ్ల ఎడంతో రెండుసార్లు లోపలికి పిలిచారు, రెండుసార్లూ వేరొకరి కోసమే. పిరియడుకు ఇంత అని పుచ్చుకునే అతిథి అధ్యాపకుడు జ్వరం వచ్చిన రోజు జీతం పోగొట్టుకుంటాడు. పది నెలలకొకసారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ మనిషిని, విద్యార్థి కుంగిపోతున్నాడేమో కనిపెట్టి ఉండమంటున్నాం. అతను కనిపెడతాడు కూడా. మంచివాళ్లు చాలామంది ఉన్నారు. అతన్ని ఎవరు కనిపెట్టి ఉంటారన్నది ఏ మార్గదర్శకంలోనూ నాకు కనబడలేదు. మెస్సు పనివారిని ఇప్పుడు కాంట్రాక్టరు పంపుతాడు. వారు కళాశాల ఉద్యోగులే కారు గనుక వారి ఆరోగ్యం కళాశాల లెక్కలోకే రాదు. అన్నం మాత్రం వారి చేతి నుంచే వస్తుంది. రాధాకృష్ణన్ కమిషన్ వాడిన మాటల విస్తృతి, ఆహారాన్ని ముట్టుకునేవారంతా అన్న ఆ విస్తృతి, కాంట్రాక్టుల కాలానికే ఎక్కువ పనికివస్తుంది. విద్యార్థి సేవాకేంద్రం పెట్టే కళాశాల దాని తలుపు మీద ‘విద్యార్థి’ అన్న మాట తీసేసినా చాలు, సగం పని మొదలైనట్టే అని నా అభిప్రాయం.

చివరగా నా శాస్త్రానికి సంబంధించిన మాట ఒకటి. తెలుగువాడు బాగాలేదని చెప్పడానికి వాడే మాటలు మెట్లు మెట్లుగా ఉంటాయి. నలత అంటే చిన్నది; పనికి పోవచ్చు. సుస్తీ అంటే పడుకోవలసిందే. పారశీకంలో మందకొడితనమని అర్థమున్న మాట మన దగ్గర జబ్బయింది. బెంగ అంటే ఇల్లు గుర్తొచ్చి అన్నం దిగకపోవడం. దీనికి వైద్య పుస్తకంలో పేజీ లేదు, కాని మన అమ్మలకు దాని లక్షణాలన్నీ తెలుసు. ఒంట్లో బాగాలేదనడం సులువు, మనసు బాగాలేదనడం కష్టం. అందుకే రెండోది చెప్పవలసినవాడు తరచు మొదటిదే చెబుతాడు. కులాసా అన్న మాట చూడండి. ఉర్దూ ద్వారా వచ్చిన అరబీ మాట. తెలుగులో హాయిగా ఉండడం. కన్నడంలో ఖులాసె అంటే కేసునుంచి విడుదల. మరాఠీలో ఖులాసా అంటే వివరణ. కలబుర్గిలోనో షోలాపురంలోనో చదివే మన అబ్బాయి తన తెలుగును పక్కభాషలోకి ఎత్తి కులాసాగా లేనంటే, ఎదుటివారు ఏ కేసని అడిగినా ఆశ్చర్యం లేదు. నవ్వుకోవడానికి చెప్పినా, బాధ చెప్పుకునే చోట ఇలాంటి చిన్న పొరపాటు మనిషిని వెనక్కి నెడుతుంది. రెండో భాషలో పరీక్ష రాయగలం, బేరమాడగలం, ప్రేమలేఖ కూడా రాయగలమేమో. అర్ధరాత్రి గుండె దడ గురించి చెప్పడానికి మొదటి భాషే కావాలి. టెలి-మానస్ ఇరవై భాషల్లో పనిచేస్తుంది, వాటిలో తెలుగు ఉంది. కర్ణాటక నుంచి గాని ఒడిశా నుంచి గాని ఫోను చేసినా తెలుగు కావాలని అడగవచ్చు. మీ హాస్టలు గోడమీద ఆ అంకె ఏ భాషలో రాసి ఉందో చూడండి.

ఈ చరిత్రకు కావలసిన ఆధారాలు చాలావరకు ముద్రిత నివేదికల్లో లేవు. పాత హాస్టళ్ల మెస్సు లెక్కల పుస్తకాలు, బియ్యం కొనుగోలు రశీదులు, వ్యాయామ శాఖ ఎత్తు బరువుల రిజిస్టర్లు, ఇళ్లకు రాసిన ఉత్తరాలు ఇంకా అక్కడక్కడ బీరువాల్లో ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి, నాగపూరు, బళ్లారి, మదురై, యానాం ప్రాంతాల విద్యార్థులకు అలాంటివి కంటబడితే, యజమానుల అనుమతితో నకలు తీసి మన పీఠానికి పంపవలసిందిగా కోరుతున్నాను. లెక్కల పుస్తకాల్లో వంటవాళ్ల జీతాలు, వాళ్లు సెలవు పెట్టిన రోజులు రాసి ఉంటే ఆ పుటలు వదలకండి.